పల్లె లెక్క ఎక్కడ మొదలవుతుంది: సమాజశాస్త్ర ఆచార్యుని గ్రామీణ పరిశోధన, గణాంక బోధన

విశ్వవిద్యాలయాల సమాజశాస్త్ర విభాగాల్లో గ్రామీణాభివృద్ధిపై పరిశోధన చేసే ఆచార్యులే గణాంకశాస్త్రం కూడా బోధించడం అరుదేమీ కాదు. బయటి నుంచి చూసేవారికి ఇది పనిభారం సర్దుబాటులా తోస్తుంది. ఒకటి ఊళ్ల వెంట తిరిగే పని, రెండోది తరగతి గదిలో సూత్రాలు చెప్పే పని అనే అభిప్రాయం విద్యార్థుల్లోనూ ఉంది, కొందరు అధ్యాపకుల్లోనూ ఉంది. నిజానికి ఈ రెండు పనులూ ఒకరి చేతిలో ఉండటమే రెండింటికీ మేలు. గ్రామీణ జీవితం గురించిన ఏ అంకె అయినా కంప్యూటర్‌లో లెక్క కట్టినప్పుడు పుట్టదు. ఎవరిని కుటుంబంగా లెక్కించాలో, ఏ పనిని పనిగా గుర్తించాలో, ఎంత కాలం నాటి సంగతి అడగాలో, ఇంట్లో ఎవరిని అడగాలో నిర్ణయించినప్పుడే దాని స్వరూపం చాలావరకు ఖాయమైపోతుంది. ఆ నిర్ణయాలన్నీ సమాజశాస్త్రానికి సంబంధించినవి. వాటి ఫలితాన్ని అంచనా వేసే సాధనాలు మాత్రం గణాంకశాస్త్రానివి.

ఈ శాస్త్రశాఖ పుట్టుకలోనే రెండూ కలిసి ఉన్నాయి. 1897 వేసవిలో నల్లజాతి సమాజశాస్త్రవేత్త డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్ అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో ఫామ్‌విల్ అనే చిన్న పట్టణానికి వెళ్లి, అక్కడి నల్లజాతి కుటుంబాల మధ్య నివసిస్తూ, ఇంటింటికీ తిరిగి వయసు, చదువు, వృత్తి, ఆదాయం, భూమి, ఇంటి గదుల సంఖ్య వంటి వివరాలు సేకరించాడు. ఆ అధ్యయనాన్ని మరుసటి ఏడాది అమెరికా కార్మిక శాఖ తన బులెటిన్‌లో ప్రచురించింది. బానిసత్వం నుంచి బయటపడి ఒక తరం గడిచిన సమాజం గురించి అప్పటికి ఊహాగానాలు, దురభిప్రాయాలు రాజ్యమేలుతున్నాయి. వాటికి ఎదురుగా ఆయన నిలిపినవి పట్టికలు, ఆ పట్టికల పక్కనే అక్కడి జీవితంపై తన పరిశీలనలు. ఏ ఒక్కటి లేకపోయినా ఆ రచనకు అంత బలం ఉండేది కాదు.

1915లో అమెరికాలోనే విస్కాన్సిన్ రాష్ట్రంలోని వాల్వర్త్ కౌంటీపై గ్రామీణ సమాజశాస్త్రవేత్త చార్లెస్ గాల్పిన్ ప్రచురించిన అధ్యయనం మరో దారి చూపింది. రైతు కుటుంబం తన సమాజంగా భావించే పరిధి ఎంతవరకు ఉంటుందన్నది ఆయన ప్రశ్న. దానికి సమాధానం కోసం ప్రతి రైతు ఇల్లు సరుకులకు ఏ ఊరికి వెళుతుందో, బ్యాంకుకు, చర్చికి, బడికి ఎక్కడికి వెళుతుందో తెలుసుకుని పటం మీద గుర్తించాడు. ఒక్కో అవసరానికి ఒక్కో గీత గీస్తే, పాలనాపరమైన సరిహద్దులతో పొంతన లేని వాస్తవమైన సమాజ పరిధులు పటంపై తేలాయి. ఇందులో కఠినమైన గణితం ఏదీ లేదు. అయినా ఏ ప్రమాణంతో దేన్ని కొలవాలన్న ప్రశ్నను ఆయన ఎంత జాగ్రత్తగా పరిష్కరించాడో చూస్తే, మంచి కొలతకు ముందు మంచి భావన కావాలన్న సంగతి విద్యార్థికి సులువుగా బోధపడుతుంది.

అంకెలు ఒకటే అయినా అర్థాలు రెండు ఎలా అవుతాయో చెప్పడానికి రష్యా రైతాంగ గణాంకాలను మించిన పాఠం మరొకటి లేదు. 1864లో ఏర్పడిన జెమ్‌స్త్వో అనే స్థానిక స్వపరిపాలన సంస్థలు పన్నుల నిర్ధారణకు, స్థానిక సేవలకు కావలసిన సమాచారం కోసం 1870ల నుంచి రైతు కుటుంబాల సర్వేలు విస్తారంగా జరిపించాయి. ప్రతి కుటుంబం సాగుచేసే భూమి, గుర్రాలు, పశువులు, ఇంట్లో పనిచేసేవారు, కూలికి వెళ్లేవారు, కూలీలను పెట్టుకునేవారు, ఇవన్నీ ఆ పట్టికల్లో ఉన్నాయి. 1899లో లెనిన్ ఈ పట్టికలనే ఆధారం చేసుకుని, రష్యా రైతాంగం ఒకవైపు ధనిక రైతులుగా, మరోవైపు కూలీలుగా చీలిపోతున్నదని వాదించాడు. సాగుభూమి ఎక్కువున్న కుటుంబాలకే గుర్రాలు ఎక్కువున్నాయి, కూలీలను పెట్టుకున్నదీ వారే. పట్టికలో ఆ క్రమం స్పష్టంగా కనిపిస్తుంది.

అలాంటి పట్టికలనే 1920లలో రష్యా వ్యవసాయ ఆర్థికవేత్త అలెగ్జాండర్ చయానోవ్ మరోలా చదివాడు. కొత్తగా వేరుపడిన దంపతులకు సాగు తక్కువగా ఉంటుంది, పిల్లలు పుట్టి పెరిగేకొద్దీ తినేవాళ్లూ పనిచేసేవాళ్లూ పెరిగి సాగు పెరుగుతుంది, కొడుకులు వేరుపడగానే మళ్లీ తగ్గుతుంది. కాబట్టి పట్టికలో కనిపించే పెద్ద, చిన్న కమతాల తేడాలో చాలాభాగం వర్గభేదం కాదని, కుటుంబ జీవితచక్రంలోని వేర్వేరు దశలని ఆయన వివరించాడు. ఇద్దరిలో ఎవరు సరి అన్నది ఒక్క ఏడాది పట్టికతో తేలదు. ఒకే క్షణంలో తీసిన లెక్క ఆ క్షణపు అమరికను చూపుతుంది గాని, ఎవరు ఎక్కడి నుంచి అక్కడికి చేరారో చూపదు. అందుకే ఆ కాలపు రష్యా గణాంకవేత్తలు కొందరు కొన్నేళ్ల తర్వాత మళ్లీ అవే కుటుంబాలను వెతికి పట్టుకుని లెక్కించారు. చిన్న కమతాలు కొన్ని పెరిగాయి, పెద్ద కమతాలు కొన్ని పంపకాలతో ముక్కలయ్యాయి, కొన్ని కుటుంబాలు ఊరు విడిచి వెళ్లిపోయాయి. నేడు పానెల్ సర్వే అని పిలుస్తున్న పద్ధతికి ఇది ముందటి రూపం.

ఇక్కడ ఇంకో మెట్టు పైకి వెళ్లి విద్యార్థికి చెప్పవలసింది ఉంది. రష్యాలో చాలాచోట్ల గ్రామ సముదాయమే కుటుంబ పరిమాణాన్ని బట్టి భూమిని తిరిగి పంచే ఏర్పాటు ఉండేది. కుటుంబం పెరిగితే భూమి పెరిగే అవకాశం ఆ ఏర్పాటు వల్ల కూడా వచ్చింది. భూమి వ్యక్తిగత ఆస్తిగా స్థిరపడిపోయి, కొనుగోలు తప్ప మరో దారి లేని సమాజంలో చయానోవ్ వివరణ అంత బలంగా నిలబడదు. అంటే రెండు చలరాశుల (మారుతూ ఉండే కొలతల) మధ్య సహసంబంధం, అంటే ఒకదానితోపాటు మరొకటి మారే తీరు, ఎంత దృఢంగా కనిపించినా, దాని వెనుక ఉన్న సామాజిక ఏర్పాటు తెలియకుండా ఆ సంబంధాన్ని మరో చోటికి తీసుకుపోవడం ప్రమాదకరం. ఈ చర్చ కేవలం పాండిత్య చర్చగా ముగియలేదు. చయానోవ్‌ను 1930లో అరెస్టు చేశారు, 1937లో కాల్చి చంపారు. గ్రామీణ గణాంకాల అన్వయం ఎంత బరువైన విషయమో ఆ చరిత్ర చెబుతుంది.

అందరినీ లెక్కించడం సాధ్యం కానప్పుడు కొందరిని లెక్కించి అందరి గురించి ఎలా మాట్లాడగలమన్నది తర్వాతి ప్రశ్న. 1895లో నార్వేకు చెందిన ఆండర్స్ కియేర్ ప్రాతినిధ్య పద్ధతిని, అంటే మొత్తానికి అద్దంపట్టే కొందరినే లెక్కించే పద్ధతిని, అంతర్జాతీయ గణాంక సంస్థ సమావేశంలో ప్రతిపాదించినప్పుడు గట్టి వ్యతిరేకత ఎదురైంది. 1934లో గణాంకవేత్త జెర్జీ నేమన్ రాసిన పత్రంతో యాదృచ్ఛిక (చీటీ తీసినట్టు ఎంపిక చేసే), స్తరీకృత (జనాన్ని వర్గాలుగా విడదీసి ఒక్కోదాని నుంచి ఎంపిక చేసే) నమూనాలకు దృఢమైన సైద్ధాంతిక పునాది ఏర్పడింది. ఆ సిద్ధాంతాన్ని పొలాల మీద పెద్ద ఎత్తున అమలు చేసిన ఘనత భారతదేశంలో పనిచేసిన ప్రశాంత చంద్ర మహలనోబిస్‌ది. 1930ల చివరి భాగంలో బెంగాల్‌లో జనపనార విస్తీర్ణాన్ని అంచనా వేయడానికి ఆయన జరిపిన నమూనా సర్వేలు, 1950లో ప్రారంభమైన జాతీయ నమూనా సర్వేకు దారితీశాయి. నమూనాను రెండు మూడు స్వతంత్ర భాగాలుగా విడగొట్టి, వేర్వేరు బృందాలకు అప్పగించి, వాటి ఫలితాల మధ్య వచ్చే తేడాను బట్టి పొరపాట్లను కనిపెట్టే పద్ధతి ఆయన రూపొందించిందే. లెక్కించేవారు కూడా లెక్కలో భాగమని గుర్తించిన ఆ ఆలోచన ఇప్పటికీ ప్రతి క్షేత్ర పరిశోధకుడికీ పాఠమే.

అదే కాలంలో భారత గణాంకవేత్త పి.వి. సుఖాత్మే పంట కోత ప్రయోగాలపై చేసిన పని మరో సంగతి వెల్లడించింది. పొలంలో చిన్న ముక్కను గుర్తించి కోసి తూచినప్పుడు దిగుబడి అసలు కంటే ఎక్కువగా తేలే ధోరణి ఉంది. ముక్క ఎంత చిన్నదైతే, దాని వైశాల్యంతో పోలిస్తే అంచు పొడవు అంత ఎక్కువ. అంచు మీద పడే మొక్కలను లోపలివిగానే పరిగణించే అలవాటు కోసేవారికి ఉంటుంది. ఇందులో మోసం లేదు, అలసత్వం లేదు. సరిహద్దు దగ్గర నిలబడిన మనిషి సహజంగా చేసే చిన్న నిర్ణయం వేల ముక్కల్లో ఒకే వైపుకు పేరుకుపోతుంది. నమూనా పెంచితే యాదృచ్ఛిక దోషం తగ్గుతుంది గాని, ఒకే వైపుకు వంగే దోషం ఎంత నమూనా తీసుకున్నా తగ్గదు. ఈ భేదాన్ని సూత్రంగా చెబితే విద్యార్థి పరీక్ష అయ్యాక మరచిపోతాడు, పొలం గట్టు మీద చూపిస్తే మరవడు.

గ్రామీణ సర్వేల్లో ఇంకొక చిక్కు, కుటుంబాలను విడివిడిగా ఎంపిక చేయడం ఖర్చుతో కూడుకున్నది కనుక ముందు కొన్ని ఊళ్లను, తర్వాత ఆ ఊళ్లలో కొన్ని ఇళ్లను ఎంపిక చేయవలసి రావడం. ఒకే ఊరి ఇళ్లు ఒకదానితో మరొకటి పోలి ఉంటాయి. అదే నేల, అదే నీటి వనరు, అదే బడి, అదే దారి. ఒక ఊరిలో ఇరవయ్యో ఇంటిని అడిగినప్పుడు దొరికే కొత్త సమాచారం మొదటి ఇంటిని అడిగినప్పుడు దొరికినంత ఉండదు. ఈ నష్టాన్ని కొలిచే సాధనం నమూనా రచనా ప్రభావం. ఊరికి ఎన్ని ఇళ్లు తీసుకున్నామో ఆ సంఖ్యలోంచి ఒకటి తీసివేసి, ఇళ్ల మధ్య పోలికను చూపే గుణకంతో గుణించి, ఒకటి కలిపితే అది వస్తుంది. ఊరికి 20 ఇళ్ల చొప్పున 50 ఊళ్లలో 1,000 ఇళ్లను సర్వే చేశారనుకుందాం, పోలిక గుణకం 0.1 అనుకుందాం. ప్రభావం 2.9 అవుతుంది. అంటే ఆ 1,000 ఇళ్లు ఇచ్చే సమాచారం, స్వతంత్రంగా ఎంపిక చేసిన సుమారు 345 ఇళ్లు ఇచ్చే సమాచారానికే సమానం. దీన్ని పట్టించుకోకుండా వెయ్యి పరిశీలనలున్నాయని భావించి ప్రాముఖ్య పరీక్షలు (కనిపించిన తేడా కాకతాళీయమా కాదా అని తేల్చే పరీక్షలు) చేసే సిద్ధాంత వ్యాసాలు నేటికీ వస్తున్నాయి. లేని ఖచ్చితత్వాన్ని ప్రకటించడం విధాన నిర్ణేతలను తప్పుదారి పట్టించడమే అవుతుంది. ఊళ్ల సంఖ్య పెంచి, ఊరికి తీసుకునే ఇళ్ల సంఖ్య తగ్గించడం దీనికి సరైన మందు. రవాణా ఖర్చు పెరిగినా సరే, పరిశోధన ప్రతిపాదన దశలోనే ఆచార్యుడు దాని కోసం పట్టుబట్టాలి.

ఇక అసలు లెక్కించేదేమిటి? సర్వే ప్రపంచమంతటా కుటుంబమే ప్రమాణం. ఒకే కప్పు కింద ఉండి, ఒకే పొయ్యి మీద వండుకుని తినేవారు ఒక కుటుంబమన్న నిర్వచనం కాగితం మీద తేలికగా కనిపిస్తుంది. పశ్చిమ ఆఫ్రికాలో భార్యలు వేర్వేరు పొలాలు, వేర్వేరు ధాన్యపు నిల్వలు నిర్వహించుకునే పెద్ద ఉమ్మడి కుటుంబాల్లో ఆ నిర్వచనం తడబడుతుంది. వలస వెళ్లి ఏడాదిలో సగం రోజులు బయట గడిపే వ్యక్తిని ఎక్కడ లెక్కించాలి? ఇంటికి డబ్బు పంపుతున్నవాడిని సభ్యుడిగా తీసేస్తే ఆ ఇంటి ఆదాయానికి ఆధారమే కనిపించకుండా పోతుంది, ఉంచితే తినేవారి సంఖ్య పెరిగి తలసరి ఖర్చు తగ్గిపోతుంది. అంతకంటే లోతైన సమస్య, కుటుంబాన్ని ఒకే అంకెగా చూపినప్పుడు లోపలి అసమానత అదృశ్యం కావడం. ఇంటి సగటు ఆహార వినియోగం సరిపోయేంత ఉన్నా ఇంట్లో అందరికీ అంత అందుతున్నదని దానికి అర్థం కాదు.

స్త్రీల పని విషయంలో ఈ అదృశ్యత మరింత తీవ్రంగా ఉంటుంది. ఇంటి పెద్దగా భావించే పురుషుడినే అడిగి నింపే ప్రశ్నావళిలో, విత్తనాలు శుభ్రం చేయడం, పశువులను చూసుకోవడం, పెరటి సాగు వంటి పనులు పని కిందికే రావు. 2013లో జరిగిన 19వ అంతర్జాతీయ కార్మిక గణాంకవేత్తల సమావేశం పనికి, ఉపాధికి మధ్య కొత్త గీత గీసింది. జీతానికో లాభానికో చేసేదే ఉపాధి, సొంత వాడకానికి చేసే ఉత్పత్తి పనే గాని ఉపాధి కాదు. ఈ విభజన వల్ల అన్ని రకాల పనినీ విడివిడిగా కొలిచే వీలు కలిగింది, అది మేలే. అదే సమయంలో కేవలం తమ తిండి కోసం సాగుచేసుకునే లక్షలాది మంది, వారిలో పెద్ద సంఖ్యలో స్త్రీలు, ఉపాధి పట్టికల నుంచి బయటికి వెళ్లారు. కొత్త నిర్వచనం అమలైన దేశంలో గ్రామీణ స్త్రీల ఉపాధి రేటు పడిపోయిందని చదివినప్పుడు, జీవితంలో ఏం మారిందని అడగడానికి ముందు ప్రశ్నావళిలో ఏం మారిందని అడగాలి.

ప్రశ్నావళిలో ఒక్క నిలువు వరుస చేర్చినందుకు ఒక దేశపు పేదరికపు అంచనాలే వివాదంలో పడిన సందర్భం ఉంది. భారత జాతీయ నమూనా సర్వే 1999-2000లో జరిపిన 55వ విడతలో ఆహార వినియోగాన్ని గడిచిన 30 రోజులకూ, గడిచిన 7 రోజులకూ పక్కపక్కనే అడిగారు. అంతకు ముందు 1993-94 నాటి పెద్ద సర్వేలో 30 రోజుల లెక్క మాత్రమే ఉంది. తక్కువ కాలం గురించి అడిగితే జ్ఞాపకం తాజాగా ఉండి, నెలకు లెక్కించినప్పుడు వినియోగం ఎక్కువగా తేలుతుంది. రెండూ ఒకేసారి అడిగినప్పుడు సమాధానం చెప్పేవారు గాని, రాసుకునేవారు గాని ఒకదానికి సరిపోయేలా మరొకదాన్ని సర్దే అవకాశం ఉంటుంది. అలా 30 రోజుల అంకె కూడా పెరిగి ఉండవచ్చన్న అనుమానంతో, ఆ దశాబ్దంలో పేదరికం నిజంగా ఎంత తగ్గిందన్న చర్చ ఏళ్ల తరబడి సాగింది. ఆంగస్ డీటన్ వంటి ఆర్థికవేత్తలు ప్రశ్నల తీరు మారని వస్తువులపై ఖర్చును ఆధారం చేసుకుని సరిదిద్దిన అంచనాలు రూపొందించవలసి వచ్చింది. అభివృద్ధి విధానం ఫలించిందా లేదా అన్న మహా ప్రశ్న, ఒక వరుసను ఎలా అమర్చారన్న చిన్న ప్రశ్న మీద ఆధారపడింది. సర్వే రచనను గణాంక పాఠంలో చివరి అధ్యాయంగా పెట్టి, సమయం చాలక వదిలేసే పాఠ్యప్రణాళికలను మార్చుకోవడానికి ఈ ఒక్క ఉదంతం చాలు.

గ్రామం అంటే ఏమిటన్నది కూడా తేలిన సంగతి కాదు. ఒక్కో దేశం ఒక్కో నిర్వచనం పాటిస్తుంది. 2020లో ఐక్యరాజ్యసమితి గణాంక సంఘం అంతర్జాతీయ పోలికల కోసం సిఫారసు చేసిన పద్ధతిలో, చదరపు కిలోమీటరు గడులుగా భూమిని విభజించి, జనసాంద్రత కనీసం 1,500 ఉండే గడులు కలిసి 50,000 మందికి తగ్గకుండా ఉంటే నగరమని, సాంద్రత కనీసం 300 ఉండే గడులు కలిసి 5,000 మందికి తగ్గకుండా ఉంటే పట్టణ ప్రాంతమని, మిగిలినదంతా గ్రామీణమని తీసుకుంటారు. భారత జనగణనలో పాలనాపరంగా పట్టణంగా ప్రకటించని స్థలాన్ని పట్టణంగా గుర్తించాలంటే 5,000 జనాభా, చదరపు కిలోమీటరుకు 400 సాంద్రత, పురుష ప్రధాన శ్రామికుల్లో కనీసం 75 శాతం మంది వ్యవసాయేతర పనుల్లో ఉండటం అవసరం. ఒకదానిలో వృత్తి ప్రస్తావనే లేదు, మరొకదానిలో వృత్తే కీలకం, అదీ పురుషుల వృత్తి మాత్రమే. బాగుపడిన గ్రామాలు పట్టణాల జాబితాలోకి వెళ్లిపోతూ ఉంటే, మిగిలిన గ్రామాల సగటు ఎప్పటికీ వెనుకబడినట్టే కనిపించే చిత్రమైన స్థితి కూడా ఇందువల్ల ఏర్పడుతుంది.

సమూహాల అంకెల నుంచి వ్యక్తుల గురించి తీర్మానించే తప్పును 1950లో అమెరికా సమాజశాస్త్రవేత్త విలియం రాబిన్సన్ చూపిన తీరు అపూర్వం. 1930 అమెరికా జనగణనలో రాష్ట్రాలను పోల్చితే, విదేశాల్లో పుట్టినవారి శాతానికీ నిరక్షరాస్యతకూ సహసంబంధం మైనస్ 0.53. వలస వచ్చినవారు ఎక్కువున్న చోట నిరక్షరాస్యత తక్కువ. వ్యక్తుల స్థాయిలో చూస్తే అదే సహసంబంధం ప్లస్ 0.12. వలసదారుల్లో నిరక్షరాస్యత కొద్దిగా ఎక్కువే. స్థానికుల్లో అక్షరాస్యత ఎక్కువగా ఉన్న రాష్ట్రాలకే వలసదారులు చేరడం దీనికి కారణం. గ్రామీణాభివృద్ధిలో జిల్లాల, మండలాల అంకెలే ఎక్కువగా దొరుకుతాయి కనుక ఈ తప్పుకు ఆస్కారం కూడా ఎక్కువే. నీటిపారుదల ఎక్కువున్న జిల్లాలో కూలి రేటు ఎక్కువని తేలినంత మాత్రాన, నీరున్న రైతే ఎక్కువ కూలి ఇస్తున్నాడని చెప్పలేం.

సగటు చేసే మాయను బోధించడానికి భూమి పంపిణీని మించిన వస్తువు లేదు. ఒక ఊళ్లో పది కుటుంబాలకు భూమి ఉంది, తొమ్మిదింటికి ఒక్కో ఎకరం, ఒకదానికి 91 ఎకరాలు అనుకుందాం. సగటు 10 ఎకరాలు, మధ్యగతం (వరుసలో పెడితే నడిమిన వచ్చే విలువ) ఒక ఎకరం, అసమానతను సున్నా నుంచి ఒకటి వరకు కొలిచే జిని గుణకం 0.81. పది ఎకరాల సగటు రైతు ఆ ఊళ్లో ఎక్కడా లేడు. ఇంతవరకు చాలా పాఠ్యపుస్తకాలు చెబుతాయి. అదే ఊళ్లో భూమి లేని కుటుంబాలు మరో పది ఉన్నాయనుకుంటే కథ మారుతుంది. వ్యవసాయ గణన లెక్కించేది కమతాలను, కుటుంబాలను కాదు. భూమి లేనివారు అందులో కనిపించరు. వారిని చేర్చగానే సగటు 5 ఎకరాలకు, మధ్యగతం అర ఎకరానికి దిగుతాయి, జిని గుణకం 0.905కు పెరుగుతుంది. లెక్క కట్టే పద్ధతి మారలేదు, ఎవరిని లెక్కలోకి రానిచ్చామన్నది మారింది. ప్రచురితమైన భూ అసమానత గుణకాన్ని చూసిన ప్రతిసారీ దాని హారంలో భూమి లేనివారు ఉన్నారా అని వెతకడం విద్యార్థికి అలవాటు కావాలి.

అభివృద్ధి కారణాలను గురించిన పరిశోధనకు వస్తే, 1943లో బ్రైస్ రయన్, నీల్ గ్రాస్ అమెరికాలోని ఐయోవా రాష్ట్రంలో హైబ్రిడ్ మొక్కజొన్న వ్యాప్తిపై ప్రచురించిన అధ్యయనం గ్రామీణ సమాజశాస్త్రానికి ప్రపంచ ఖ్యాతి తెచ్చింది. వారు మాట్లాడిన 259 మంది రైతుల్లో 1941 నాటికి ఇద్దరు తప్ప అందరూ కొత్త విత్తనానికి మారారు. విత్తనం గురించి మొదట చెప్పింది ఎక్కువగా అమ్మకందారులే అయినా, మారడానికి ఒప్పించింది ఇరుగుపొరుగు రైతులు. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలపాటు గ్రామీణ పరిశోధన అంతా ఎవరు ముందు స్వీకరించారు, ఎవరు ఆలస్యం చేశారు అన్న ప్రశ్న చుట్టూనే తిరిగింది. కొత్తదంతా మంచిదే, ఆలస్యం చేసినవాడిదే లోపం అన్న భావన ఆ ప్రశ్నలోనే ఇమిడి ఉంది. ఎవరికి లాభం, ఎవరికి నష్టం అన్న ప్రశ్న పక్కకు పోయింది.

ఆ పక్కకు పోయిన ప్రశ్ననే మానవశాస్త్రవేత్త వాల్టర్ గోల్డ్‌ష్మిట్ 1940లలో కాలిఫోర్నియాలో అడిగాడు. అక్కడి రెండు పట్టణాల్లో ఆర్విన్ చుట్టూ భారీ కమతాలు, డైనూబా చుట్టూ చిన్న కుటుంబ కమతాలు. మొత్తం వ్యవసాయోత్పత్తి విలువ దాదాపు సమానమే. అయినా చిన్న కమతాల పట్టణంలో వ్యాపారాలు, బడులు, ఉద్యానవనాలు, పౌర సంఘాలు ఎక్కువగా ఉన్నాయని ఆయన చూపాడు. తలపెట్టిన రెండో దశ అధ్యయనం రాజకీయ ఒత్తిడి వల్ల ఆగిపోయింది. రెండు పట్టణాలతో కారణాన్ని నిరూపించగలమా అన్న విమర్శ న్యాయమైనదే. డైనూబా పాతది, ఆర్విన్ కొత్తది, ఆ తేడా వల్లనే ఇదంతా జరిగి ఉండవచ్చు. అయినా ఆయన వేసిన ప్రశ్న తర్వాత చాలా ప్రాంతాల్లో పెద్ద నమూనాలతో పరీక్షించదగ్గ ప్రతిపాదనగా నిలిచింది. తక్కువ ఊళ్ల లోతైన అధ్యయనం చేయగలిగిన పని అదే, దానికి అంతకు మించిన భారం మోపకూడదు.

కారణాన్ని గట్టిగా నిరూపించే దారిగా యాదృచ్ఛిక ప్రయోగాలు, అంటే పథకం ఎవరికి అందాలో చీటీ వేసినట్టు నిర్ణయించి ఫలితాలను పోల్చే ప్రయోగాలు, 1990ల నుంచి ప్రాచుర్యం పొందాయి. 1997లో మెక్సికో ప్రారంభించిన ప్రోగ్రెసా పథకాన్ని అంచనా వేయడానికి 506 గ్రామాలను తీసుకుని, 320 గ్రామాల్లో ముందుగా, 186 గ్రామాల్లో ఆలస్యంగా అమలు చేశారు. పిల్లలను బడికి పంపే కుటుంబాలకు నగదు ఇస్తే చేరికలు పెరుగుతాయా అన్న ప్రశ్నకు, ముఖ్యంగా పై తరగతుల బాలికల విషయంలో, అవునన్న స్పష్టమైన సమాధానం దొరికింది. ఆ పద్ధతి విలువను తక్కువ చేయడం సరికాదు. సగటు ప్రభావం తెలిశాక కూడా, అది ఏ సామాజిక సంబంధాల గుండా పనిచేసింది, షరతులు పాటింపజేసే బాధ్యత ఎవరి భుజాన పడింది, జాబితాలో చేరని పొరుగింటితో ఎలాంటి పొరపొచ్చాలు వచ్చాయన్నవి మిగిలే ఉంటాయి. తల్లులు చెల్లించిన సమయం ఏ వరుసలోనూ నమోదు కాకపోతే, ప్రయోగం ఎంత పకడ్బందీగా జరిగినా లెక్క అసంపూర్ణమే.

1983లో గ్రామీణాభివృద్ధి పరిశోధకుడు రాబర్ట్ చాంబర్స్ గ్రామీణ పరిశీలకుల పక్షపాతాలను వర్ణించాడు. పరిశీలకులు తారు రోడ్డు పక్క ఊళ్లకే వెళతారు, ప్రాజెక్టు ఉన్న చోటికే వెళతారు, పెద్దలతోనూ పురుషులతోనూ మాట్లాడతారు, వానలు తగ్గిన తర్వాతే వెళతారు. ఆకలి, జబ్బు, అప్పు ఎక్కువగా ఉండే వానాకాలం వారి కళ్లబడదు. సంఖ్యలపై అనుమానం ఉన్న సమాజశాస్త్రవేత్తలు ఈ విమర్శను సర్వేలకు వ్యతిరేకంగా వాడుతుంటారు. వాస్తవానికి దీనికి బలమైన విరుగుడు యాదృచ్ఛిక నమూనాయే. జాబితాలో పడిన ఇల్లు ఊరి చివర వాగు దాటి ఉన్నా అక్కడికి వెళ్లి తీరవలసిందే. ఆ ఇంటికి బదులు దగ్గరలోని ఇల్లు తీసుకునే స్వేచ్ఛ పరిశోధకుడికి లేదు. అందరికీ ఎంపికయ్యే అవకాశం కల్పించే ఈ క్రమశిక్షణ న్యాయభావనతో కూడుకున్నది. ఈ కోణం నుంచి చెప్పినప్పుడు, గణితమంటే భయపడే విద్యార్థులు కూడా నమూనా సిద్ధాంతాన్ని శ్రద్ధగా వింటారు.

కనుక బోధన క్రమం గురించి కొంత నిక్కచ్చిగా మాట్లాడవలసి ఉంది. సగటు, విచలనం, సహసంబంధం, ప్రతిగమనం (ఒక రాశి మారితే మరొకటి ఎంత మారుతుందో అంచనా వేసే లెక్క) అన్న వరుసలో సూత్రాలు నడిపి, శుభ్రం చేసిన దత్తాంశాన్ని సాఫ్ట్‌వేర్‌లో వేసి ఫలితాలు తీయించే పద్ధతి విద్యార్థికి ఆజ్ఞలు నేర్పుతుంది, వివేచన నేర్పదు. అంతకంటే, మొదటి వారంలోనే ఒక నిజమైన సర్వే ప్రశ్నావళిని చేతికిచ్చి, తోటి విద్యార్థిపై దాన్ని ప్రయోగించమనాలి. ఏడాదిలో ఎన్ని రోజులు పనిచేశారన్న ప్రశ్నకు తానే తడుముకున్న విద్యార్థికి జ్ఞాపక దోషం గురించి ఉపన్యాసం అక్కర్లేదు. ఆ తర్వాత ఇళ్ల జాబితా తయారీ, నమూనా ఎంపిక, ముందస్తు పరీక్ష, నమోదు, సంకేతీకరణ, వీటి తర్వాతే పట్టికలు. ఖాళీగా ఉన్న గడులను వెంటనే సగటుతో నింపేయకుండా, ఎవరు సమాధానం చెప్పలేదు, ఎందుకు చెప్పలేదు అని పరిశీలించడం ఒక తరగతి పూర్తిగా కేటాయించదగిన విషయం. అప్పు గురించి చెప్పనివారు అప్పు లేనివారు కాకపోవచ్చు.

ప్రతిగమన విశ్లేషణను ఆలస్యంగా నేర్పడం వల్ల నష్టం లేదు, కంగారుగా నేర్పడం వల్లనే ఉంది. భూమిని స్వయంగా రైతులు చెప్పిన విస్తీర్ణంతో కొలిచినప్పుడూ, జీపీఎస్‌తో కొలిచినప్పుడూ వచ్చే తేడా యాదృచ్ఛికంగా ఉండదని ఆఫ్రికా దేశాల్లో జరిగిన సర్వేలు చూపాయి. చిన్న కమతాలవారు ఎక్కువగా, పెద్ద కమతాలవారు తక్కువగా చెప్పే ధోరణి ఉంది. చిన్న కమతాల్లో ఎకరా దిగుబడి ఎక్కువా అన్న పాత చర్చకు ఈ సంగతి ఎంత ముఖ్యమో వేరే చెప్పనక్కర్లేదు, ఎందుకంటే విస్తీర్ణం ఆ భిన్నంలో హారం. స్వతంత్ర చలరాశిలోని (కారణంగా తీసుకున్న రాశిలోని) కొలత దోషం గుణకాన్ని ఎటు లాగుతుందన్న కష్టమైన పాఠాన్ని ఇలాంటి ప్రశ్నతో ముడిపెట్టినప్పుడు అది నిలుస్తుంది.

పరిశోధన ఫలితాలను సమాధానాలు చెప్పినవారి ముందు ఉంచడం ఈ పనిలో ఎక్కువగా వదిలేసే అంకం. మర్యాద కోసమే కాదు, గణాంకపరంగా కూడా అది అవసరం. ఊరివారు తమ ఇళ్లను స్థితిగతులను బట్టి తామే వరుసలో పెట్టే పద్ధతిని భాగస్వామ్య పరిశోధకులు చాలాకాలంగా వాడుతున్నారు. ఆ వరుసను సర్వేలో తేలిన ఆస్తుల సూచీతో పక్కపక్కన పెడితే, రెండూ కలవని ఇళ్లు కొన్ని తేలతాయి. సూచీలో మధ్యస్థంగా ఉన్న ఇంటిని ఊరు అట్టడుగున పెట్టిందంటే, ప్రశ్నావళి అడగనిదేదో అక్కడ ఉంది: ఇంట్లో మంచం పట్టిన మనిషి కావచ్చు, నమోదు కాని అప్పు కావచ్చు, ఊళ్లో అండ లేకపోవడం కావచ్చు. ఒక్కోసారి ఊరి తీర్పులోనే పక్షపాతం ఉంటుంది. అణచివేతకు గురైన వర్గాల ఇళ్లను ఆ వరుసలో చేర్చడం మరచిపోయిన సందర్భాలు అలాంటివే, అప్పుడు సూచీ ఊరిని సరిదిద్దుతుంది. కలవని ఆ ఇళ్ల జాబితాను పట్టుకుని విద్యార్థులను మళ్లీ ఊరికి పంపడం, వారు తెచ్చిన సమాచారంతో తర్వాతి విడత ప్రశ్నావళిని మార్చడం, ఆ మార్పు వల్ల పాత అంకెలతో పోలిక ఎక్కడ తెగిందో పట్టిక కింద స్పష్టంగా రాయడం, ఇవన్నీ పరిశోధనలో ఎంత భాగమో గణాంక పాఠంలోనూ అంతే భాగం కావాలి. ఆ విద్యార్థులకు వేసే మార్కుల్లో సూత్రాలకు ఎంత వాటా ఇస్తారో, ఆ పట్టిక కింద రాసిన వివరణకూ అంత వాటా ఇవ్వడం న్యాయం.